కూర్మన్నపాలెం బల్ల నుంచి ఇసుకలో విస్తరి దాకా

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించీ కొండల గురించీ రాస్తారు. నేను మూడు రోజులుండి వచ్చాను. చూసింది తక్కువ, తిన్నది ఎక్కువ. అందుచేత ఇందులో లైట్‌హౌసులూ రోప్‌వేలూ ఉండవు. ఎవరు ఎవరితో కూర్చుని తిన్నారు, ఎవరు తినలేదు, ఎందుకు తినలేదు అన్నదే ఉంటుంది. ఎప్పుడైనా మీరు వెళితే కొండలు అక్కడే ఉంటాయి, తీరిగ్గా చూసుకోండి.

భీమవరానికి ఫోను

మా పెద్దమ్మ కొడుకు దానియేలు అన్నయ్య స్టీలు ప్లాంటులో పనిచేసి, రిటైరై, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకుని, అక్కడి చిన్న చర్చిలో సంఘ పెద్దగా ఉంటున్నాడు. మా వదిన పుట్టింది సముద్రపొడ్డున జాలరి ఇంట్లో. పెళ్ళికి ముందు తలమీద గంపతో క్వార్టర్లకి చేపలమ్మడానికి వచ్చేది. అన్నయ్యకి అసలు చేపలంటే పడదు. అయినా ఆ ఏడాది అతను కొన్న చేపలన్నీ తిరిగి సముద్రంలో వదిలిపెడితే ఓడలకి దారి దొరికేది కాదు. పెళ్ళయ్యాక వదిన బాప్తిస్మం తీసుకుంది, మార్త అని పేరు పెట్టారు. పుట్టింటివాళ్ళకి మాత్రం ఆవిడ ఇప్పటికీ నూకాలే.

అన్నయ్య ఫోను చేసి, పలకరింపులు కూడా లేకుండా విషయంలోకి దిగాడు.

"మీ వదిన తమ్ముడు ఎల్లాజీ సొంత పడవ కొన్నాడు. ఇన్నాళ్ళూ ఒకరి పడవల్లో కూలికి వెళ్ళినవాడు. సోమవారం నీళ్ళలోకి దింపుతున్నాడు. ఒడ్డున విందు. ఇంటి ఆడపడుచు ఆ విందులో తిన్నాకే పడవ నీళ్ళు తాకాలట, వాళ్ళ పద్ధతి."

"తింటే పోయేదేముంది?"

"అది గంగమ్మకి నైవేద్యం పెట్టిన తిండిరా. తింటే మా సంఘం ఆవిణ్ణి బల్లకి దూరం పెడుతుంది. తినకపోతే ఎల్లాజీ పడవ దింపనంటున్నాడు. మీ వదినకి నిద్ర లేదు. నువ్వొచ్చి ఏదైనా దారి చెప్పు."

బల్ల అంటే మా క్రైస్తవుల మాటల్లో ప్రభువు బల్ల. చివరి రాత్రి యేసుప్రభువు శిష్యులతో కలిసి చేసిన భోజనాన్ని తలుచుకుంటూ ఆరాధనలో అందరం ఒకే రొట్టె విరిచి తలో ముక్కా తీసుకుంటాం, ద్రాక్షరసం తాగుతాం. దానికి దూరం పెట్టడమంటే ఇంట్లో అందరూ తింటుంటే ఒక మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టు.

"నేనేం చెప్పగలను అన్నయ్యా? నేను పాస్టర్నా?"

"కాదు. కానీ తిండి విషయంలో నీ అంత అనుభవం మన వంశంలో ఎవరికీ లేదు."

కాదనలేని మాట. బయల్దేరాను.

కంచరపాలెం

రైలు దిగేసరికి మధ్యాహ్నం. అన్నయ్య ఇల్లు ఇంకా చాలా దూరం, నా ఆకలి అంతకంటే పెద్దది. ఆటో అతను నా బ్యాగు ఎత్తి చూసి, సరుకు రవాణా రేటు అడిగాడు. బేరమాడితే కంచరపాలెం రైల్వే పట్టాల పక్కన ఒక మెస్సు దగ్గర దింపాడు. నాలుగు బల్లలు, నలభై మంది. ఖాళీ కుర్చీ కోసం నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళ వీపుల్లోకి చూస్తూ మనసులో ప్రార్థన చేస్తున్నారు.

ఎలాగో ఒక మూల ఇరుక్కున్నాను. ఎదుట వెల్డింగు షాపులో పనిచేసే మనిషి, చొక్కానిండా నిప్పురవ్వల చిల్లులు, వేపిన చేప ముక్కలు రెండు పెట్టుకుని తింటున్నాడు. నా పళ్ళెంలోకి ఇంకా పప్పే వచ్చింది. నా చూపు ఎక్కడుందో మీకు చెప్పనక్కర్లేదు.

"ఏటి బావ, అలా సూత్తన్నావ్?" అన్నాడు. జవాబు చెప్పేలోగా ఒక ముక్క నా పళ్ళెంలో పడింది. "తిను. ఇక్కడ అడిగి తెప్పించుకునేసరికి సాయంకాలమైపోద్ది."

మా భీమవరంలో ఒకడు ఇంకొకణ్ణి బావ అనాలంటే మధ్యలో ఒక పెళ్ళి జరగాలి. ఇక్కడ ఒక చేప ముక్క చాలు. పైగా మా వైపు మర్యాద మహా ఎక్కువ. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం చేస్తుంటారు అని తేల్చుకున్నాకే చెయ్యి కడుక్కోమంటాం. అతను ముక్క పెట్టి, నేను ముల్లు తీసి, సగం నమిలాక అప్పుడు అడిగాడు, "ఎక్కడి నుంచి?" అని.

యేసుప్రభువు మీద ఆయన కాలంలో పెద్దమనుషులు మోపిన నేరాల్లో ముఖ్యమైనది ఇదే: సుంకం వసూలుచేసేవాళ్ళతో, పాపులని పేరుపడ్డవాళ్ళతో కలిసి తింటాడని. ఆయన ఏం బోధించాడన్నదాని మీద కంటే ఎవరి పక్కన కూర్చున్నాడన్నదాని మీదే వాళ్ళకి ఎక్కువ కోపం. జక్కయ్య అనే సుంకరి ఆయన్ని చూడ్డానికి చెట్టెక్కితే, దిగు, ఈ పూట మీ ఇంట్లోనే ఉంటానన్నాడు. పిలుపు కోసం ఆగలేదు. జక్కయ్య మారింది ఆ తర్వాతే. ముందు మారి రా, అప్పుడు భోజనానికొస్తానని ఆయన అనలేదు. ఇది నేను ఆదివారం బడిలో చిన్నప్పుడే విన్నాను. వేపిన చేప నోట్లో ఉండగా మాత్రం మొదటిసారి తట్టింది.

కూర్మన్నపాలెం, గేటు దగ్గర

సాయంత్రం అన్నయ్య ఇంటి గేటు ముందు మోపెడ్ ఆగింది. మనిషి నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాలు నా నడుమంత ఉన్నాయి. నా నడుము చూసినవాళ్ళకి అది చిన్న పోలిక కాదని తెలుస్తుంది. చేతిలో చేపల సంచి. ఎల్లాజీ అతనే.

వదిన సంచి అందుకుంది. టీ గ్లాసు తెచ్చి గేటు మీదుగా అందించింది. అతను గేటు అవతలే నిలబడి తాగాడు.

"లోపలికి రావయ్యా, భోజనం చేద్దువు," అన్నాను.

"మీరు భీమవరం బావ గదా? అప్ప సెప్పింది," అన్నాడు. అప్ప అంటే వాళ్ళ మాటలో అక్క. "నాను ఈ ఇంట తినను బావ. టీ తిండి కాదు గనక తాగుతాను."

"ఎందుకు తినవు?"

"మీ అప్పనే అడుగు."

"నీకు అప్ప గానీ నాకు వదిన."

"ఎవురికి ఏటైనా, మా ఇంట ముద్ద ముట్టి ఎన్నాళ్ళయిందో అడుగు. పండగకి పిలిత్తే వత్తాది, వాకిట్లో కూకుంతాది, కొబ్బరినీళ్ళు తాగుతాది, ఎలిపోద్ది. ఆమె ముట్టని ఇంటోణ్ణి, నాను ఆమె ఇంట ఎలా ముట్టీది?"

వదిన సంచిలోకి చూస్తూ నిలబడింది. "ఎంత సెప్పినా ఈడికి ఎక్కదు మరిదీ," అంది నాతో.

"నాకేటి ఎక్కదు? నీ పెబువుని ఒగ్గెయ్యమన్నానా? ఒక్క ముద్ద. నా బోటు కోసం. అమ్మ లేదు, అయ్య లేడు. ఉన్నది నువ్వొక్కర్తివి. నువ్వు తినకుండా నాను బోటు దించితే, నడిసముద్రంలో నాకు గుండె నిలబడతాదా?"

అన్నయ్య వసారాలోంచి నెమ్మదిగా అన్నాడు. అతను మొండివాడు కాదు, అదే చిక్కు. "చూడు ఎల్లాజీ, నైవేద్యం పెట్టినంతమాత్రాన అన్నం అన్నం కాకుండా పోదని నాకూ తెలుసు. అపొస్తలుడు పౌలు కూడా అంతే రాశాడు. కానీ ఆయనే ఇంకో మాట రాశాడు. నీకు బాధ లేకపోయినా, నిన్ను చూసి కొత్తగా నమ్మినవాడు తడబడతాడనుకుంటే మానెయ్యమన్నాడు. మా సంఘంలో కొత్తవాళ్ళే ఎక్కువ. సంఘ పెద్ద భార్యే తిందంటే వాళ్ళేమనుకుంటారు?"

"అలగైతే నా బోటు ఇసకలోనే ఉంతాది," అని ఎల్లాజీ ఖాళీ గ్లాసు గేటు మీద పెట్టాడు.

అప్పుడు నా బుర్ర వెలిగింది. ఆ వెలుగుకి కూర్మన్నపాలెం జంక్షన్లో ట్రాఫిక్ ఆగిందేమో కూడా తెలియదు. "రెండు కుండలు పెట్టండి," అన్నాను. "పూజకి ముందే, పడవకి అవతలి పక్క, వేరే పొయ్యి మీద ఒక చిన్న కుండలో అన్నం, ఇంకోదాంట్లో చేపల కూర. అమ్మవారి ముందుకి తీసుకెళ్ళొద్దు. అది వదినది. వండేది మీరే, ఒడ్డు మీదే, విందులోనే. తిన్నట్టూ ఉంటుంది, తప్పినట్టూ ఉండదు."

ఎల్లాజీ ఆలోచించాడు. "నా ఇంటి తిండే గదా?"

"నీ ఇంటిదే."

"అలగైతే సరే," అన్నాడు. వదిన ముఖం చూశాను. నాలుగు రోజుల తర్వాత కరెంటు వచ్చిన ఇల్లులా ఉంది. ఆ రాత్రి నాకు వడ్డించిన కూర పరిమాణం చూస్తే నా సలహా విలువ మీకే అర్థమయ్యేది.

ఆదివారం బల్ల

మర్నాడు చర్చి. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, ఊరికి సరిపడా సౌండు బాక్సులు. మా భీమవరంలో పాటలు నిదానంగా సాగుతాయి. ఒక చరణం అయ్యేలోపు ఇంటికెళ్ళి పొయ్యి కట్టేసి రావచ్చు. ఇక్కడ ఫ్యాక్టరీ సైరన్ అలవాటు వల్లనేమో, అంతా టైము ప్రకారం.

బల్ల దగ్గర రొట్టె పళ్ళెం వరసగా వచ్చింది. పట్టుకున్నది అన్నయ్యే. వదిన గోరంత ముక్క తీసుకుని చాలాసేపు అరచేతిలో పెట్టుకుంది. పక్కవాళ్ళంతా తినేశాక తింది.

ఆరాధన తర్వాత ప్రేమ విందు. అంటే సంఘమంతా కలిసి భోజనం. వంకాయ కూర, సాంబారు, వేడన్నం. దాని మధ్యలోనే సంఘ పెద్దల సమావేశం పెట్టించి నా రెండు కుండల పథకం వివరించాను. పెద్దల్లో పెద్దాయన యాకోబు గారు. సన్నగా, తెల్లగా ఇస్త్రీ మడత విడని మనిషి. సాంబారు ఆయన చొక్కా మీద పడాలంటే భయపడుతుంది.

ఆ సమావేశం ఎంతసేపు జరిగిందంటే, మొదటి శతాబ్దంలో యెరూషలేములో యేసుప్రభువు తొలి శిష్యులైన అపొస్తలులు కూడా తిండి గురించే కూర్చున్నారు గానీ వాళ్ళు ఇంత సేపు కూర్చుని ఉండరు. యూదులు కానివాళ్ళు విశ్వాసులైతే ఏం తినాలి, ఏం తినకూడదన్నది ఆనాటి గొడవ. శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు అంతటివాడు అంతియొకయ పట్నంలో యూదేతరులతో హాయిగా కలిసి తింటూ, యెరూషలేము నుంచి పెద్దలు రాగానే మెల్లగా బల్ల దగ్గర్నుంచి జరిగిపోయాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. సువార్త అంతా ఒక కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడులో చిక్కుకుంది.

చివరికి యాకోబు గారు అన్నారు, "వేరే కుండ అయితే అభ్యంతరం లేదు. కానీ మేం పెద్దలం ముగ్గురం వచ్చి చూస్తాం."

"తప్పకుండా రండి, భోజనం చేసి వెళ్దురు గాని," అన్నాను, కుండ నాదైనట్టు.

ఇంటికి నడుస్తుంటే వదిన నాతో అంది, "మీ మగోళ్ళకి అది రూలు మరిదీ. నాకు కాదు. ఆ రొట్టి ముక్క గోరంతే. అది లేని వారం నాకు ఇంకేటి తిన్నా ఆకలి తీరదు. అలగని ఆడి బోటు ఇసకలో ఉంటే, ఆ రొట్టి నా గొంతు దిగదు."

ఆ సాయంత్రం నేను టిఫిను అడగలేదు, నా విషయంలో అది చిన్న అద్భుతం.

ఒడ్డు

సోమవారం పొద్దున్నే జాలరిపేట ఒడ్డుకి చేరాం. కొత్త పడవ నీలం రంగులో మెరుస్తోంది, ముక్కుకి బంతిపూల దండ, పసుపు, కుంకుమ. నేను దాన్ని మొదట చూసి ఓడ అనుకున్నాను. దగ్గరికెళ్తే ఐదారుగురు పట్టే పడవ. ఎల్లాజీ కొత్త లుంగీలో, పచ్చినీళ్ళు కూడా ముట్టకుండా తిరుగుతున్నాడు. పడవ నీళ్ళు తాకేవరకు యజమాని తినకూడదట. వర్జ్యం రాకముందే దింపెయ్యాలని అందరూ తొందరపడుతున్నారు.

పూజ అయింది. అన్నం గుండిగ, కూర గుండిగ అమ్మవారి ముందు పెట్టి హారతిచ్చారు. పడవకి అవతలి పక్క, తడిగుడ్డ కప్పిన రెండు చిన్న కుండలు విడిగా ఉన్నాయి. ఎల్లాజీ వాటిని తనే చూపించాడు. "పెబువు కుండలు. నా చేత్తో పొయ్యి ఎలిగించినాను," అన్నాడు. యాకోబు గారు కళ్ళజోడు సవరించుకుని చూసి తల ఊపారు.

విస్తళ్ళు వేశారు. భీమవరానికీ జాలరిపేటకీ మాటలో తేడా ఉంది, కూర పులుపులో తేడా ఉంది. ఒక్క విషయంలో మాత్రం ముక్కకి ముక్క సరిపోయింది: మగవాళ్ళ పంక్తి ముందు. ఊరి మగవాళ్ళకి గుండిగల్లోంచి వడ్డించారు. యేసుప్రభువు తాలూకు మగవాళ్ళం ఐదుగురం: అన్నయ్య, పెద్దలు ముగ్గురు, నేను. మాకు వడ్డించడానికి వదినే వచ్చింది, చిన్న కుండలు చంకన పెట్టుకుని.

ఆ కూర గురించి ఎక్కువ రాయను. చింతపండు, మిరపకాయ, పొద్దున పట్టిన చేప. మొదటిసారి ఆకలికి తిన్నాను. రెండోసారి రుచికి తిన్నాను. మూడోసారి, వద్దంటే వదిన నొచ్చుకుంటుందని తిన్నాను. యాకోబు గారు కూడా వదిన నొచ్చుకోకుండా బాగానే జాగ్రత్తపడ్డారు.

మేం చేతులు కడుక్కున్నాం. ఎల్లాజీ పరుగున వచ్చాడు. "అప్పా, కూకో. నువ్వు తినీ, బోటు దించేద్దాం."

వదిన విస్తరి వేసుకుని కూర్చుంది. కూర కుండ వంచింది. గరిటె అడుగున గీరుకున్న చప్పుడు వినిపించింది. అన్నం కుండ వంచింది. అందులో నాలుగు మెతుకులు.

తొలి క్రైస్తవుల కాలంలో కొరింథు సంఘంలో కూడా ఇలాగే జరిగేది. ముందొచ్చినవాళ్ళు ప్రభువు పేరు చెప్పి కడుపునిండా తినేసేవాళ్ళు, వెనకొచ్చినవాళ్ళు ఆకలితో కూర్చునేవాళ్ళు. భోజనానికి కూడినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగండని పౌలు గట్టిగా మందలించాడు. కొరింథు వాళ్ళని నేనెప్పుడూ మర్యాద తెలియని మనుషులనుకునేవాణ్ణి. ఆ క్షణాన వాళ్ళు నాకు స్వయానా పెదనాన్న పిల్లలయ్యారు.

"వర్జ్యం వచ్చేత్తంది రోయ్ ఎల్లాజీ!" అని పడవ దగ్గర్నుంచి ఒకడు కేకేశాడు.

అందరి చూపూ పెద్ద గుండిగల మీదే ఉంది. అందులో ఊరందరికీ సరిపడా ఉంది. ఎల్లాజీ ఒక్క మాట అంటే చాలు, ఒడ్డు మీద అతన్ని తప్పుపట్టేవాడు లేడు. అతను మాత్రం ఆ వైపు చూడలేదు. పక్కన అప్పుడే ఒడ్డెక్కిన పడవ దగ్గరికి నడిచి రెండు కానాగంత చేపలు అడిగి తెచ్చాడు. ఇసుకలో చిన్న గుంట తీశాడు. కొబ్బరి చిప్పలు పేర్చి నిప్పు పెట్టాడు.

"ఏటి సేత్తన్నావురా? టైమైపోతంది!"

"అయిపోనీ. మా అప్ప తినకుండా బోటు ఎల్దు."

"వర్జ్యంలో దించుతావేటి? ఎర్రి ముదిరిందా?"

"నాను దించుతాను, నాను పోతాను. నీకేటి?" అన్నాడు, చేపలకి ఉప్పు రాస్తూ.

తిరిగి లేచిన యేసుప్రభువు ఒక తెల్లవారుజామున ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వలేసి అలిసిపోయినవాళ్ళని తినడానికి రమ్మన్నాడు. వాళ్ళలో, ఆయనెవరో తానెరగనని అంతకుముందు బొంకిన పేతురూ ఉన్నాడు. ఆ భాగం మీద నేను మా ఊళ్ళో రెండుసార్లు ప్రసంగం చేశాను. పొగ కళ్ళలోకి వెళ్తుందని ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు. అన్నయ్య ప్యాంటు మడిచి నిప్పు దగ్గర చతికిలబడ్డాడు, తను తిన్న విస్తరితోనే విసరడం మొదలుపెట్టాడు.

చేపలు కాలాయి. ఎల్లాజీ విస్తట్లో పెట్టాడు. వదిన ఒకటి విరిచి సగం అతని వైపు చాపింది.

"బోటు నీళ్ళు తాకిందాకా నాను ముట్టకూడదప్పా. అది దాసుంచు. రాత్రికి మీ ఇంటికొచ్చి తింతాను."

"లోపలికొత్తావా?"

"గేటు మీద నిలబడి తింతానేటి?"

వదిన నవ్వబోయి ముక్కు తుడుచుకుంది. తర్వాత లేచి, విస్తరి పట్టుకుని, తిన్నగా పెద్ద గుండిగ దగ్గరికి వెళ్ళి అన్నం పెట్టుకుంది.

"మార్తా," అన్నాడు అన్నయ్య.

"ఏటి? వట్టి సేప ఎలా తినీది?" అంది. "ఆడు నాకోసం వర్జ్యం ఒగ్గేసినాడు. నాను పట్టెడన్నం కాడ లెక్కలు సూసుకోనా? నా పెబువు సూత్తన్నాడా? సూడనీ."

అన్నయ్య విసురుతున్న విస్తరి కింద పెట్టాడు. ఆవిడ వచ్చి కూర్చున్నాక పక్కనే ఇసుకలో కూర్చుని, అదే విస్తట్లో చెయ్యి పెట్టి ముద్ద కలిపాడు. చేపలు పడని మనిషి ముల్లు కూడా సరిగ్గా తియ్యకుండా నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు గట్టిగా అన్నాడు, "యాకోబు గారూ, బల్ల నుంచి తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యండి."

పెద్దలు ముగ్గురూ సముద్రం వైపు తిరిగి ఉన్నారు. ఆ పూట వాళ్ళు సముద్రాన్ని చూసినంత శ్రద్ధగా నేవీ వాళ్ళు కూడా చూసి ఉండరు. యాకోబు గారు వెనక్కి తిరగకుండానే చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"గాలి దానియేలూ, గాలి. నువ్వనేదేదీ వినపడ్డం లేదు. ఆదివారం పళ్ళెం పట్టుకోవడానికి మాత్రం త్వరగా రా."

అప్పటికి వర్జ్యం వచ్చేసింది. విసుక్కుంటూనే మగవాళ్ళంతా పడవ చుట్టూ చేరి భుజాలు ఆనించారు. నేనూ ఆనించాను, నా వైపు పడవ కొంచెం కూడా కదల్లేదని తర్వాత తెలిసింది. ఎల్లాజీ ఎగిరి పడవలోకి ఎక్కి, తెడ్డు పట్టుకుని, అలల చప్పుడు మీదుగా ఒడ్డు వైపు కేకేశాడు.

"అప్పా! తిన్నావేటి?"

నోటినిండా ముద్ద ఉన్న మనిషి ఏం చెప్పగలదు. వదిన మెతుకులంటిన చెయ్యి పైకెత్తింది. పడవ నీళ్ళు తాకింది.